పద్యనాటకాల పాత రికార్డులను ఎలా వినాలి?

పద్యనాటకాన్ని రంగస్థలం మీద ఆడిన నటులే గ్రామఫోనుకు పాడిన రికార్డులలో, ఆ పాత్రను రాత్రులకు రాత్రులు మోసిన గొంతు వినిపిస్తుంది. తరువాత ఎంతటి గాయకుడు అదే పద్యం ఎత్తుకున్నా ఆ అధికారం రాదని నా దృఢమైన నమ్మకం. తిరుపతి వేంకట కవులలో ఒకరు భీమవరం దగ్గరి యండగండిలోనూ, మరొకరు కడియంలోనూ పుట్టినవారు కనుక, గోదావరి డెల్టా శ్రోతలు వారి ‘పాండవోద్యోగం’లోని రాయబార ఘట్టంతో ఆరంభించడం ఉచితం.

ముందుగా పద్యాన్ని పుస్తకంలో పైకి చదవండి. ‘చెల్లియొ చెల్లకో’ కౌరవసభలో రాయబారిగా నిలిచిన కృష్ణుడి మాట అని తెలియకుండా వింటే రాగం ఒక్కటే చెవిలో మిగులుతుంది. ఈ ఉత్పలమాలలో రెండో పాదం ‘సంధిసేయ, నీ’ అని ఆగుతుంది, మూడో పాదం ‘పిల్లలు పాపలున్’ అని మొదలవుతుంది. ఆ ‘నీ’ అనే అక్షరాన్ని నటుడు పాదాంతంలో వదిలేస్తున్నాడా, లేక ఊపిరి బిగపట్టి ‘పిల్లలు’తో కలుపుతున్నాడా అన్నది గమనించండి. కలిపినప్పుడు అది ధృతరాష్ట్రుడో దుర్యోధనుడో ఎదురుగా కూర్చుని ఉన్నట్టే తగులుతుంది. చివరి ‘కౌరవేశ్వరా’ దగ్గర రాగం ఎంతసేపు సాగిందో కూడా చూడండి. పీసపాటి నరసింహమూర్తి గారు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు ఇద్దరూ కృష్ణ పాత్రధారులుగా ప్రసిద్ధులు కనుక, వారి రికార్డింగులను ఒకదాని వెంట ఒకటి వినడం మంచి శిక్షణ.

పది అంగుళాల 78 రికార్డు (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పలుకుతుంది. వేదిక మీద ‘వన్స్ మోర్’ కేకల మధ్య ఎంతసేపైనా సాగే ఆలాపనను ఆ కొలతలో ఇమడ్చవలసి వచ్చినప్పుడు నటుడు దేన్ని ఉంచాడో, దేన్ని వదిలాడో వినడంలోనే ఈ రికార్డుల అసలు రుచి ఉంది. మూడోసారి వినేటప్పుడు గొంతును పక్కన పెట్టి, పాదం పూర్తయిన చోట హార్మోనియం ఏ స్వరాన్ని అందిస్తోందో పట్టుకోండి.

అసలు రికార్డు చేతికి దొరికితే తరువాత వచ్చిన లాంగ్‌ప్లే (ఎల్.పి.) రికార్డుల ముల్లు వాడకండి; 78 గాడి వెడల్పు కనుక దానికి లావైన ముల్లు కావాలి. కొన్ని పాత రికార్డులు సరిగ్గా 78 వేగంతో చేసినవి కావు. గొంతు సన్నబడి వినిపిస్తే వేగం కాస్త తగ్గించాలి. ఇవి లక్కతో చేసినవి, ఆల్కహాలు తగిలితే కరుగుతాయి కనుక స్పిరిట్‌తో తుడవకూడదు. మన డెల్టా తేమకు పాత కాగితపు తొడుగులు బూజు పడతాయి. వాటిని తీసేసి కొత్త తొడుగుల్లో పెట్టి, ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిటారుగా నిలబెట్టండి.