సైకాలజీ సదస్సుకు రీసెర్చ్ పోస్టర్: అబ్‌స్ట్రాక్ట్ పంపడం నుంచి బోర్డుకు తగిలించేదాకా

పోస్టర్‌ని ఎవరూ కూర్చుని చదవరు. హాల్లో నడుస్తూ నాలుగైదు అడుగుల దూరంలో ఒక్క క్షణం ఆగుతారు, తమకు పనికొచ్చేదేనా అని చూస్తారు, అనిపిస్తే ఇంకో రెండు మూడు నిమిషాలు నిలబడతారు. ఎంఏ డిజర్టేషన్ మొత్తాన్ని చిన్న అక్షరాల్లో ఒకే షీటు మీద కుక్కితే ఆ రెండు నిమిషాలు కూడా దక్కవు. అందుకే అబ్‌స్ట్రాక్ట్ (సదస్సుకు పంపే అధ్యయన సారాంశం) రాయకముందే, కంప్యూటర్ తెరవకముందే, మీ అధ్యయనంలో తేలిన ముఖ్యమైన విషయాన్ని సైకాలజీ చదవని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా ఒక్క తెలుగు వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం కుదరడం లేదంటే లోపం భాషలో లేదు, విశ్లేషణ ఇంకా పూర్తికాలేదని అర్థం.

చెప్పేది స్పష్టంగా ఉండటానికి ఒక అధ్యయనాన్ని ఊహించుకుందాం. అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న అభ్యర్థుల్లో నిద్ర నాణ్యతకీ పరీక్షా ఆందోళనకీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. 150 మందికి ప్రశ్నావళి ఇచ్చారు, 138 తిరిగి వచ్చాయి, సగంలో వదిలేసినవి 14 తీసేస్తే 124 మిగిలాయి. రెండూ ఎంతగా కలిసి మారుతున్నాయో చెప్పే సహసంబంధ గుణకం .38 వచ్చింది. ఈ అంకెలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవే.

అబ్‌స్ట్రాక్ట్

చాలా సదస్సులు 250 పదాలు అడుగుతాయి. 300 ఇచ్చేవీ, 150తో సరిపెట్టేవీ ఉంటాయి కాబట్టి ప్రకటన చూసుకోండి. 250 అయితే నేపథ్యానికి 40, ఉద్దేశానికి 25, పద్ధతికి 70, ఫలితాలకు 80, ముగింపుకు 35 పదాలు పెట్టుకుంటే సరిపోతుంది. రాసేటప్పుడు మాత్రం ఫలితాలతో మొదలుపెట్టండి. నేపథ్యంతో మొదలుపెడితే ‘నేటి పోటీ ప్రపంచంలో ఒత్తిడి పెరిగిపోతోంది’ అనే తరహా వాక్యాలకే వంద పదాలు ఖర్చవుతాయి. చివరికి ఫలితాల దగ్గర ‘వివరాలు సదస్సులో చర్చిస్తాం’ అని రాయాల్సి వస్తుంది. సమీక్షకులు వెనక్కి పంపడానికి ఆ ఒక్క వాక్యం చాలు. డేటా ఇంకా వస్తూనే ఉంటే, కొనసాగుతున్న పనిని తీసుకుంటామని సదస్సు స్పష్టంగా చెప్పినప్పుడే పంపండి. ఎంతమంది అయ్యారో, ఇంకా ఎంతమందిని తీసుకుంటారో రాయండి.

శీర్షిక పన్నెండు పదాలు దాటకపోతే మంచిది. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ‘ఇంపాక్ట్’ అనే మాట. ‘నిద్రలేమి ప్రభావం పరీక్షా ఆందోళనపై’ అని పెట్టేస్తారు. ఒకేసారి చేసిన సర్వేలో ప్రభావం తేలదు, సంబంధమే తేలుతుంది. నిద్ర పట్టక ఆందోళన పెరిగిందో, ఆందోళనతో నిద్ర పట్టలేదో, నోటిఫికేషన్ వాయిదా పడి రెండూ వచ్చాయో ఆ డేటా చెప్పలేదు. మాటల్లో ప్రభావం, సంబంధం కలిసిపోతుంటాయి గానీ పోస్టర్ మీద వీటిని కలపకూడదు. ‘ప్రభావం’, ‘తగ్గిస్తుంది’, ‘వల్ల’ అనే అర్థం వచ్చే ప్రతి మాటనూ వెతికి, ప్రయోగం చేసి ఉంటే తప్ప, మార్చేయండి. ‘హైదరాబాద్ యువత’ అనే మాట విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. రెండు వీధుల్లోని హాస్టళ్లకు వెళ్లి దొరికినవాళ్లను అడిగితే అది ఆ హాస్టళ్ల శాంపిలే. నగరం మొత్తానికి అంటగట్టకండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్యను కొన్ని సదస్సులు అబ్‌స్ట్రాక్ట్ ఫారంలోనే అడుగుతాయి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 జాతీయ నైతిక మార్గదర్శకాల ప్రకారం అనుమతి డేటా సేకరణకు ముందే ఉండాలి. సేకరించాక తెచ్చుకుందాం అనుకుంటే కుదరదు.

పోర్టల్‌లో ఎక్కించే ముందు

గడువు ఎదురుగా పెట్టుకుని నేరుగా పోర్టల్ పెట్టెలో టైపు చేయకండి. వర్డ్‌లో రాసి, పదాలు లెక్కపెట్టుకుని, తర్వాత అతికించండి. అతికించాక ఆల్ఫా, బీటా, ‘కంటే తక్కువ’ గుర్తులు ప్రశ్నార్థకాలుగా మారాయేమో ప్రివ్యూలో చూడండి. ఇది తరచూ జరుగుతుంది. పేర్లు దాచి సమీక్షించే సదస్సైతే అబ్‌స్ట్రాక్ట్ లోపల కాలేజీ పేరు గానీ, ఫైల్ ప్రాపర్టీస్‌లో మీ పేరు గానీ మిగలకూడదు.

సహరచయితల వరుస, వాళ్ల అంగీకారం ముందే తేల్చుకోండి. గైడ్‌కు చెప్పకుండా ఆయన పేరు పెట్టి పంపడం పెద్ద తప్పు. సంస్థ పేరు అధికారికంగా ఉండాలి. మనం రోజూ హెచ్‌సీయూ అంటాం కానీ పోస్టర్ మీద, ఫారంలో అది యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్. ఉస్మానియా అనుబంధ కాలేజీలో చదివేవారు ముందు కాలేజీ పేరు, తర్వాత విశ్వవిద్యాలయం పేరు రాయాలి. సర్టిఫికెట్ మీద వచ్చేది ఇక్కడ టైపు చేసినదే, కాబట్టి ఇనీషియల్స్ కూడా సరిచూసుకోండి.

విదేశీ సదస్సుల గడువు పక్కన ‘ఎనీవేర్ ఆన్ ఎర్త్’ (భూమ్మీద ఎక్కడైనా ఆ తేదీ ముగిసేదాకా) అని ఉంటే, ఆ తేదీ రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు సాయంత్రం 5:29. అదనంగా దొరికిన సమయంగా లెక్కేసుకోకుండా ఒకరోజు ముందే పంపేయండి, ఆఖరి గంటల్లో పోర్టల్ మొరాయించవచ్చు. అంగీకారం వచ్చాక పోస్టర్ చూపించే రచయిత ఫలానా తేదీలోగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలనే షరతు చాలా సదస్సులకు ఉంటుంది. అది దాటితే కార్యక్రమ పుస్తకంలో పేరు ఉండదు. విద్యార్థి రాయితీకి బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలి, కాలేజీ ఆఫీసులో దానికి రెండు మూడు రోజులు పట్టవచ్చని ముందే అనుకోండి.

పోస్టర్ తయారీ

సదస్సువారు ఇచ్చిన కొలత ముందు చూడండి: నిలువా, అడ్డమా, ఎంత? మామూలుగా అడిగేది ఏ-0, అంటే 84.1 × 118.9 సెంటీమీటర్లు. పవర్‌పాయింట్‌లో ఒకే స్లైడ్ తీసుకుని, డిజైన్‌లో స్లైడ్ సైజ్ దగ్గర ఈ కొలత పెట్టాకే పని మొదలుపెట్టండి. మామూలు స్లైడ్‌లో అంతా చేసి చివర్లో సాగదీస్తే బొమ్మలు మసకబారతాయి, పెట్టెలు చెదిరిపోతాయి.

అక్షరాలు: శీర్షికకు 90 నుంచి 100 పాయింట్లు, ఉపశీర్షికలకు 44 దాకా, మిగతా పాఠానికి 28 నుంచి 32, బొమ్మల కింద వివరాలకు 24. అంతకంటే దిగొద్దు. మొత్తం పదాలు 400 నుంచి 500 మధ్య ఆపేయండి. అబ్‌స్ట్రాక్ట్‌ను పోస్టర్ మీద మళ్లీ అతికించడం స్థలం వృథా, ఎందుకంటే పోస్టరే దాని విస్తరణ. సదస్సు నియమం తప్పనిసరి అంటే తప్ప పెట్టకండి.

2019లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సైకాలజీ డాక్టరేట్ చేస్తున్న మైక్ మారిసన్ ఒక నమూనా తెచ్చారు: మధ్యలో పెద్ద అక్షరాల్లో తేలిన విషయం ఒక్క వాక్యంలో, పక్కన క్యూఆర్ కోడ్, వివరాలు అంచుల్లో. అది బాగా ప్రచారంలోకి వచ్చింది. కొన్ని విభాగాల్లో పెద్దలకు అంత ఖాళీ నచ్చదు, అలాంటి చోట మామూలు రెండు నిలువు వరుసల అమరికే వాడండి. కానీ ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం శీర్షిక కిందే పెద్దగా పెట్టండి. మొదట్లో రాసుకున్న తెలుగు వాక్యం ఇప్పుడు అక్కరకొస్తుంది. దాన్నే ఇంగ్లీషులోకి తెచ్చుకోండి.

ఇక ఫలితాల పెట్టె. పోస్టర్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్ ఇచ్చిన పట్టికను స్క్రీన్‌షాట్ తీసి అతికించేస్తారు. అందులో ఒకే అంకె రెండుసార్లు ఉంటుంది, వేరియబుల్ పేర్లు మీకు తప్ప ఎవరికీ తెలియని పొట్టి పేర్లు, పాత వెర్షన్లలో ‘సిగ్’ అనే గడిలో .000 అని ఉంటుంది. అసలు సంబంధమే లేకపోయినా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత (పి విలువ) ఎప్పుడూ సున్నా కాదు. ఆ అంకెకు అర్థం ‘.001 కంటే తక్కువ’, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) శైలిలో అలాగే రాయాలి. ఒకటిని దాటడానికి వీల్లేని అంకెలకు దశాంశ బిందువు ముందు సున్నా పెట్టరు. గ్రీకు అక్షరాలు తప్ప మిగతా గణాంక సంకేతాలు వాలు అక్షరాల్లో ఉండాలి. మన ఉదాహరణలో రాయాల్సింది ఇంతే: సహసంబంధం .38, 95 శాతం విశ్వాస అంతరం (అసలు విలువ ఉండగల పరిధి) .22 నుంచి .52, పి విలువ .001 కంటే తక్కువ, శాంపిల్ 124. .38ని వర్గం చేస్తే సుమారు .14 వస్తుంది. అంటే ఆందోళన స్కోర్లలోని తేడాల్లో 14 శాతమే నిద్ర స్కోర్లతో పంచుకున్నది. ఈ మాట మీరే చెప్పేస్తే, బోర్డు దగ్గర ఎవరో అడిగే ప్రశ్నకు ముందే జవాబిచ్చినట్టవుతుంది.

పట్టిక స్థానంలో ఒక గ్రాఫ్ పెట్టండి. సహసంబంధానికి ఒక్కొక్కరినీ ఒక చుక్కగా చూపే స్కాటర్ ప్లాట్ సరైనది. త్రీడీ దిమ్మెలు వద్దు, ఎత్తు తప్పుగా కనిపిస్తుంది. సగటుల దిమ్మెలైతే నిలువు అక్షం సున్నా నుంచి మొదలవ్వాలి, ఎర్రర్ బార్లు (సగటు చుట్టూ అనిశ్చితినో, విస్తరణనో చూపే గీతలు) దేన్ని చూపిస్తున్నాయో కింద రాయాలి. ఎరుపు, ఆకుపచ్చ జంటను తేడా చూపడానికి వాడకండి, ఆ రెండూ వేరుగా కనిపించనివారు ప్రతి హాల్లోనూ ఉంటారు.

స్కేల్ దిశ అక్షం మీదే రాయండి. పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచికలో స్కోరు 0 నుంచి 21 దాకా ఉంటుంది, ఎక్కువ వస్తే నిద్ర అంత బాగా లేదని అర్థం. అక్షానికి ఉత్త ‘నిద్ర నాణ్యత’ అని పేరు పెడితే గ్రాఫ్ చూసినవారు నిద్ర బాగున్నకొద్దీ ఆందోళన పెరుగుతోందని చదువుకుంటారు. ‘ఎక్కువ స్కోరు: నిద్ర అధ్వానం’ అని ఒక్క ముక్క రాస్తే చాలు.

తెలుగులో ప్రశ్నావళి ఇచ్చి ఉంటే అది పద్ధతి పెట్టెలో తప్పకుండా ఉండాలి. అనువాదం ఎవరిది, తిరిగి ఇంగ్లీషులోకి వేరేవాళ్లతో చేయించి పోల్చారా, మీ శాంపిల్‌లో క్రోన్‌బాక్ ఆల్ఫా (స్కేల్ ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) ఎంత వచ్చింది? అసలు స్కేల్ మాన్యువల్‌లోని ఆల్ఫాను ఎత్తి రాయడం సరిపోదు, అది వేరే మనుషులది, వేరే భాషది. కాపీరైట్ ఉన్న స్కేల్ ప్రశ్నలనూ, తెలివితేటల పరీక్షల అంశాలనూ పోస్టర్ మీద అచ్చువేయకండి. ఫొటో తీసుకున్న ప్రతివారి దగ్గరికీ అవి చేరిపోతాయి. క్లినికల్ అధ్యయనమైతే ఆసుపత్రి పేరు, వయసు, వృత్తి, జబ్బు కలిపి చూస్తే మనిషి ఎవరో తెలిసిపోయేలా ఉందేమో కూడా చూడాలి. ముగ్గురు నలుగురి కేసుల్లో ఈ ప్రమాదం నిజంగా ఉంది.

ప్రింటింగ్

ముందు ఇంట్లో ఏ-4 మీద ఒక ప్రింట్ తీయండి. ఏ-0 పొడవు, వెడల్పులకు ఏ-4 సరిగ్గా నాలుగో వంతు కాబట్టి 28 పాయింట్ల అక్షరం 7 పాయింట్లుగా వస్తుంది. చేయి చాచి పట్టుకుని ఇబ్బంది లేకుండా చదవగలిగితే బోర్డు మీదా చదవగలరు. అక్షరదోషాలు కూడా తెర మీద కంటే కాగితం మీదే దొరుకుతాయి.

షాపుకు ఇవ్వాల్సింది పీడీఎఫ్ మాత్రమే, ఫాంట్లు ఎంబెడ్ అయి ఉండాలి. పోస్టర్‌లో తెలుగు వాక్యాలుంటే ఇది మరీ ముఖ్యం. నారాయణగూడ, చిక్కడపల్లి వైపు డీటీపీ సెంటర్లలో చాలామంది ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతోనే పని చేస్తారు. మీ యూనికోడ్ పాఠాన్ని పాత కోరల్‌డ్రాలోనో పేజ్‌మేకర్‌లోనో తెరిస్తే ఒత్తులు విడిపోతాయి: ‘నిద్రలేమి’ కాస్తా ‘నిద్‌రలేమి’ అవుతుంది, ‘స్త్రీ’ మూడు ముక్కలవుతుంది. తెలుగు రానివారికి అది కనిపించదు, మనవాళ్లకు అదొక్కటే కనిపిస్తుంది. పీడీఎఫ్ చేశాక మీ ఫోన్‌లోనూ, ఇంకో కంప్యూటర్‌లోనూ తెరిచి ఒత్తులు చూసుకోండి.

ఇంకో చిక్కు కొలతలది. షాపుల్లో లెక్క చదరపు అడుగుల్లో ఉంటుంది. ఏ-0 అంటే ఒక చదరపు మీటరు, సుమారు 10.8 చదరపు అడుగులు. వాళ్లు దాన్ని మూడు బై నాలుగు అడుగులుగా సర్దేసి, ఖాళీ మిగలకుండా ఫైల్‌ను అడ్డంగా సాగదీస్తారు. రెండింటి నిష్పత్తులూ వేరు కాబట్టి గుండ్రని లోగో కోడిగుడ్డవుతుంది. ‘సాగదీయొద్దు, అంచు తెల్లగా మిగిలినా పర్లేదు’ అని నోటితోనూ, ఫైల్ పేరులోనూ చెప్పండి.

ఫ్లెక్స్ చవక, కానీ దాని ముద్రణ దూరం నుంచి చూసే బ్యానర్ల కోసం, చిన్న అక్షరాల అంచులు చెదురుతాయి. మెరుపు లేని మ్యాట్ ఫొటో పేపర్ గానీ, వినైల్ గానీ అడగండి. గ్లాసీ మీద ట్యూబ్‌లైట్లు పడి సగం పోస్టర్ కనిపించదు. తెర మీది ముదురు నీలం అచ్చులో ఊదారంగుకు తిరిగే అవకాశం ఉంది. అందుకే ఒక మూలను చిన్న ముక్కగా ముందు అచ్చు తీయించుకోండి. ప్రయాణానికి నాలుగు రోజుల ముందే ఈ పని ముగియాలి. పండుగలూ ఎన్నికలూ ఉంటే షాపులన్నీ బ్యానర్ల మీదే ఉంటాయి.

పోస్టర్‌ను మడవకండి, అచ్చు ఉన్న వైపు బయటకు వచ్చేలా చుట్టి గొట్టంలో పెట్టండి. రైలుకైతే ఇబ్బంది లేదు. విమానమైతే 84 సెంటీమీటర్ల గొట్టం క్యాబిన్ బ్యాగు కంటే పొడుగు కాబట్టి ముందే ఎయిర్‌లైన్స్‌ను అడగండి. పీడీఎఫ్‌ను మెయిల్లోనూ పెన్‌డ్రైవ్‌లోనూ ఉంచుకోండి.

బోర్డు దగ్గర

పుష్‌పిన్నులు, డబుల్ సైడ్ టేప్, వెల్క్రో మూడూ తీసుకెళ్లండి, బోర్డు దేనితో చేసిందో వెళ్లేదాకా తెలియదు. క్యూఆర్ కోడ్ ఎనిమిది సెంటీమీటర్లు ఉంటే అడుగు దూరం నుంచి తేలిగ్గా అందుతుంది. దాని వెనకున్న డ్రైవ్ లింకు ‘రిస్ట్రిక్టెడ్’లో ఉండిపోతే వచ్చినవాళ్లకు అనుమతి అడిగే పేజీ తెరుచుకుంటుంది. మీ అకౌంట్ లేని ఫోన్‌తో ఒకసారి స్కాన్ చేసి చూడండి.

పోస్టర్‌కు పక్కగా నిలబడండి, అడ్డంగా కాదు. ఎవరైనా ఆగితే ‘రెండు నిమిషాల్లో చెప్పమంటారా’ అని అడిగి, తేలిన విషయంతో మొదలుపెట్టండి, తర్వాత ఎవరిని అడిగారో, ఎలా కొలిచారో చెప్పండి. తప్పకుండా వచ్చే ప్రశ్నలు మూడు: శాంపిల్ ఎలా ఎంచారు, ఈ స్కేలే ఎందుకు, తర్వాత ఏం చేస్తారు. వీటికి జవాబులు పైకి చదివి సాధన చేసుకోండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదనే చెప్పి, ప్రశ్ననూ అడిగినవారి ఈమెయిల్‌నూ నోట్‌బుక్‌లో రాసుకుని, వారంలోపు జవాబు పంపండి.