జన్యు వ్యక్తీకరణ లెక్కలు, 3వ పాఠం: కణితిని దేనితో పోల్చాలి?

ఒక జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు, అంటే ఎం-ఆర్‌ఎన్‌ఏ నమూనాలో ఎంత ఎక్కువగా ఉంటే ఆ నకళ్లను విడతల వారీగా రెట్టింపు చేస్తూ కొలిచే క్యూపీసీఆర్ యంత్రం చూపే సీటీ విలువ (సంకేతం నిర్ణీత స్థాయిని దాటే విడత సంఖ్య) అంత తక్కువగా ఉంటుందనీ, సీటీ ఒక్క అంకె తగ్గితే ఎం-ఆర్‌ఎన్‌ఏ దాదాపు రెట్టింపు ఉన్నట్లనీ గత పాఠంలో చూశాం. ఇప్పుడు రెండు కణజాలాలను పోలుద్దాం.

వరంగల్‌లో ఏళ్ల తరబడి గుట్కా, అంబర్ పొగాకు దవడన పెట్టుకున్న ఒక వ్యక్తి బుగ్గ లోపలి నుంచి కణితి ముక్క తీశారనుకుందాం. అంకెలు అభ్యాసం కోసం కల్పించినవి. కణితిలో కెరటిన్ 17 అనే ప్రోటీన్ జన్యువు సీటీ 22, ఆధార జన్యువైన (అన్ని నమూనాల్లో దాదాపు ఒకేలా ఉంటుందని భావించి పోలికకు వాడే జన్యువు) జీఏపీడీహెచ్ సీటీ 18, తేడా 4. రెండో బుగ్గలో 28, 19, తేడా 9. 4లోంచి 9 తీసివేస్తే −5 వస్తుంది. గుర్తు మార్చి 2ను 5వ ఘాతానికి పెంచితే 32. అంటే కణితిలో ఈ జన్యువు 32 రెట్లు ఎక్కువ. లివాక్, ష్మిట్‌జెన్ 2001లో ప్రచురించిన పద్ధతి ఇదే.

లెక్క సరైనదే అయినా నిర్ధారణకు తొందరపడకూడదు. చర్మం తెగినప్పుడు గాయం అంచు కణాలు కెరటిన్ 6, 16, 17లను పెంచుకుని, పుండు పూడాక తగ్గించుకుంటాయి. కణితులు మానని గాయాలని పరిశోధకుడు డ్వోరాక్ 1986లో రాసింది కణితికీ మానే గాయానికీ ఉన్న పోలికలను గమనించే. అందుకే మానుతున్న నోటిపుండు ముక్కను మూడో నమూనాగా చేర్చాలని నా గట్టి అభిప్రాయం. అందులో 23, 17 వచ్చాయనుకుంటే తేడా 6. దానితో పోలిస్తే కణితిలో పెరుగుదల 4 రెట్లే. 32 అంటే 4 × 8 కాబట్టి, మిగిలిన 8 రెట్లు మానే పుండులోనూ కనిపించేవే. పైగా రెండో బుగ్గ చూడటానికి బాగానే ఉన్నా, పొగాకు ఊట తగిలిన పొరను పూర్తిగా ఆరోగ్యమైనదిగా లెక్కించలేం.

జీఏపీడీహెచ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆక్సిజన్ అందని కణితి భాగాల్లో అది కూడా పెరగవచ్చు కాబట్టి, కనీసం రెండు ఆధార జన్యువులను తీసుకుని, అవి ఆయా నమూనాల్లో నిలకడగా ఉన్నాయో లేదో ముందే సరిచూడాలి.

అభ్యాసం: చర్మ క్యాన్సర్ ముక్కలో కెరటిన్ 17, జీఏపీడీహెచ్ సీటీలు 24, 19, ఆరోగ్యమైన చర్మంలో 29, 20, మానుతున్న గాయంలో 23, 18. రెండు పోలికలూ లెక్కించి, ఈ జన్యువు ఒక్కదాన్నే చూసి ఆ ముక్క క్యాన్సరని చెప్పగలమో లేదో కారణంతో రాయండి. జవాబుతో 4వ పాఠం మొదలవుతుంది.