టైటిల్ క్లీన్‌గానే ఉంది, కారు చరిత్రే వేరు

అమెరికాలో సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నప్పుడు ఒకటి బాగా నచ్చింది. టైటిల్ మీద, అంటే కారు యాజమాన్య పత్రం మీద, పాత నష్టాన్ని చెప్పే ముద్ర ఏదీ లేదు. కానీ అదే మోడల్ మిగతా కార్ల కన్నా ధర మరీ తక్కువ. నాకు అనుమానం వచ్చింది అక్కడే.

ముందు విన్ నంబరు, అంటే ఒక్కో కారుకు విడిగా ఉండే గుర్తింపు కోడ్, పట్టుకున్నాను. డాష్‌బోర్డు మీద, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద, టైటిల్‌లో, మూడు చోట్లా ఆ 17 అక్షరాలు కలిశాయి. బీమా మోసాలు, కారు దొంగతనాల మీద పనిచేసే ఎన్ఐసీబీ అనే సంస్థ వాళ్ల ఆన్‌లైన్ తనిఖీ, విన్‌చెక్, ఉచితం కదా అని చూస్తే ఏమీ రాలేదు. దానితో ఊరుకోలేదు, ఎందుకంటే అందులో ఆ సంస్థ సభ్య బీమా కంపెనీలిచ్చే సమాచారమే ఉంటుంది. కొద్దిగా ఫీజు కట్టి ఎన్ఎంవీటీఐఎస్ రిపోర్టు తీశాను. బీమా కంపెనీలు, బాగా దెబ్బతిన్న కార్లు కొనే సాల్వేజ్ యార్డులు చట్టప్రకారం వివరాలివ్వాల్సిన జాతీయ రికార్డు అది. విషయం బయటపడింది: వేరే రాష్ట్రంలో ఆ కారుకు సాల్వేజ్ ముద్ర, అంటే బాగా దెబ్బతిన్న కారని చెప్పే ముద్ర, ఉంది! రాష్ట్రం మార్చి ఆ ముద్ర పోగొట్టడాన్నే టైటిల్ వాషింగ్ అంటారు.

అడిగితే, అమ్మేవాడు "నాకూ తెలీదండీ" అన్నాడు. ఏమో, నాకైతే నమ్మబుద్ధి కాలేదు.

ఆ కారు వదిలేశాను. తర్వాత చూసిన కారుకూ ఇవే తనిఖీలు చేశాను. రిపోర్టులో తేడా ఏమీ లేకపోయినా నాకు తెలిసిన మెకానిక్‌తో లిఫ్ట్ మీద పెట్టించి చూపించాను, ఎందుకంటే బీమా క్లెయిమ్ చేయని ప్రమాదాలు ఏ రికార్డులోకీ ఎక్కకపోవచ్చు. వరదలో మునిగిన కారేమోనని కార్పెట్ ఎత్తి బురద, తుప్పు ఉన్నాయేమో కూడా చూశాడు. అన్నీ బాగున్నాయన్నాకే డబ్బు కట్టాను.