పక్క స్థలంలో సెల్లారు తవ్వుతుంటే పైల్స్ మీది ఇంటిని కాచుకోవడం

పక్క స్థలంలోకి పొక్లెయిన్ దిగిన రోజున అపార్ట్‌మెంట్ సంఘాల వారు నాతో అనే మొదటి మాట ఒకటే: "మాది పైల్ ఫౌండేషన్ మేడమ్, మాకేమి భయం?" విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇరవై ఆరేళ్లుగా పునాదుల పని చూస్తున్నాను. ఆ ధైర్యం విన్నప్పుడల్లా నాకు దిగులు వేస్తుంది.

పైల్ అంటే ఇంటి బరువు మోసేందుకు నేలలోకి లోతుగా దింపిన కాంక్రీటు స్తంభం. దాని బలమంతా నిలువు బరువు మోయడంలోనే ఉంది. పక్క నుంచి తోస్తే అది సన్నటి కర్రతో సమానం. పక్కన గొయ్యి తవ్వితే చుట్టూ ఉన్న మట్టి గొయ్యి వైపు జరుగుతుంది, కిందికీ దిగుతుంది. జరిగే మట్టి పైల్‌ను వంచుతుంది. దిగే మట్టి దాన్ని పట్టుకుని కిందికి లాగుతుంది. నిన్నటి వరకు పైల్‌ను మోసిన మట్టే ఇప్పుడు దాని మీద బరువవుతుంది. 2009 జూన్ 27న షాంఘైలో నిర్మాణంలో ఉన్న 13 అంతస్తుల భవనం ఇలాగే పక్కకు ఒరిగి పడిపోయింది. ఒక వైపు గ్యారేజీ కోసం సుమారు 4.6 మీటర్ల గొయ్యి తవ్వారు, రెండో వైపు తవ్విన మట్టిని గుట్టగా పోశారు. పైల్స్ విరిగిపోయాయి, ఒక కార్మికుడు చనిపోయాడు. ఆ లోతు మన ఊళ్లలో రెండు అంతస్తుల సెల్లారుకు తవ్వే లోతు కన్నా తక్కువే.

అందుకే ముందుగా మీ పైల్స్ పొడవెంతో తెలుసుకోండి. ప్లాను కాగితాలు, నేల పరీక్ష నివేదిక వెతికించండి. గుంటూరు వైపు నల్లరేగడిలో పాత ఇళ్లకు వేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగు దగ్గర ఉబ్బెత్తుగా ఉండేవి) చాలా వరకు మూడున్నర, నాలుగు మీటర్లే. పక్కన ఏడు మీటర్లు తవ్వితే పైల్ అడుగు గొయ్యి అడుగు కన్నా పైన ఉండిపోతుంది. అటువంటి చోట ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. పొడవైన పైల్స్ ఉన్నా, గొయ్యి లోతుకు రెండింతల దూరంలోపు మీ ఇల్లు ఉంటే మీరు ప్రమాద పరిధిలోకి వచ్చినట్టే. మెత్తని బంకమట్టిలో మూడింతల వరకు చూస్తాను.

తవ్వకం మొదలవక ముందే ఇల్లంతా తేదీతో సహా ఫొటోలు తీసి, అవతలి వారి సంతకం తీసుకోండి. పాత పగుళ్ల పక్కన స్కేలు పెట్టి తీయాలి. పగుళ్ల మీద చిన్న గాజు ముక్కలు ప్లాస్టర్‌తో అతికించండి. కదలిక వస్తే గాజు విరుగుతుంది. ప్లింత్ (నేల మీద కనిపించే ఇంటి పునాది గట్టు) చుట్టూ ఎనిమిది చోట్ల గోడకు రంగు గుర్తులు పెట్టండి. గొయ్యికి దూరంగా, కదలని ఒక గట్టు మీద మరొకటి పెట్టండి. ఆ కదలని గుర్తుతో పోలిస్తే గోడ గుర్తులు ఎంత దిగాయో వారానికి రెండుసార్లు మేస్త్రి లెవెల్ పైపుతో, వీలైతే ఆటో లెవెల్‌తో (ఎత్తు తేడాలు చూపే సర్వే పరికరం) కొలిచి పుస్తకంలో రాయండి. మూలల్లో తూకపు గుండు వేలాడదీసి ఇల్లు ఎటు ఒరుగుతుందో చూడండి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. గోడలు పగలలేదని నిశ్చింతగా ఉండకండి. పైల్స్ మీది ఇల్లు తొలి రోజుల్లో నిలబడే ఉంటుంది, చుట్టూ నేల దిగుతుంది. నేను చూసిన ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒక్క గోడకూ గీత పడలేదు. మెట్ల కింద వేలు దూరేంత సందు ఏర్పడిందని మొదట గమనించింది వాచ్‌మన్. అప్పటికే డ్రైనేజీ పైపు ఛాంబరు దగ్గర విరిగి, మురుగునీరు పైల్స్ చుట్టూ మట్టిలోకి ఇంకుతోంది. కాబట్టి రోజూ చూడవలసింది గోడ, నేల కలిసే గీతను, మెట్లను, ర్యాంపును, పైపుల అతుకులను.

నీటి సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. గొయ్యిలో ఊరే నీటిని అవతల మోటారుతో తోడేస్తుంటే మీ కింది నీటిమట్టమూ దిగుతుంది. భూగర్భ నీటిమట్టం ఒక మీటరు దిగితే, కింది మట్టి మీద చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను బరువు పెరుగుతుంది. బంకమట్టి ఆ బరువుకు నెలల తరబడి కుంగుతూనే ఉంటుంది. మీ బోరులో నీటిమట్టాన్ని కొలుస్తూ ఉండండి. అవతల మోటారు తోడే నీటిని సీసాలో పట్టి అరగంట కదలకుండా ఉంచండి. అడుగున ఇసుకో ఒండ్రో పేరుకుంటే మీ పునాది కింది మట్టి నీటితో పాటు పోతోందన్నమాట. ఆ క్షణమే పంపు ఆపించండి. కృష్ణ ఒడ్డు ఇసుక నేలల్లో ఇది గంటల వ్యవధిలో ముదురుతుంది.

బిల్డరును రాతపూర్వకంగా అడగవలసినవి ఉన్నాయి. తవ్వకానికి ముందే గొయ్యి అంచున గట్టి గోడ వేస్తారా? ఒకేసారి అడుగుకు పోకుండా దశలవారీగా తవ్వి, ప్రతి దశలో అడ్డు దూలాలు బిగిస్తారా? తవ్విన మట్టి మీ గోడ పక్కన పోయకూడదు. వానాకాలంలో గొయ్యి తెరిచి వదిలేయకూడదు. ఎన్ని మిల్లీమీటర్ల కదలికకు పని ఆపాలో ముందే ఇద్దరు ఇంజనీర్లు కూర్చుని తేల్చాలి. నేనైతే ఐదు దగ్గర హెచ్చరిక, పది దగ్గర పని నిలుపుదల అని రాయిస్తాను. ఒప్పుకోకపోతే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి ఫొటోలతో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.

సెల్లారు స్లాబు పడిన తరువాత కూడా కొలతలు మానవద్దు. నేను చెప్పిన అపార్ట్‌మెంట్‌లో రీడింగులు నిలకడకు రావడానికి స్లాబు తరువాత నాలుగు నెలలు పట్టింది. అప్పటిదాకా డ్రైనేజీ పైపుకు వంగే జాయింటు పెట్టించి, మెట్ల కింది సందును తాత్కాలికంగా మూసి ఉంచాం. శాశ్వత మరమ్మతు వరుసగా ఎనిమిది రీడింగులు కదలకుండా వచ్చాకే చేయించాం.