విల్ ఐస్‌నర్ జీవితాన్ని ఒక్క ఏ4 కాగితం మీద బొమ్మల కథగా చెయ్యడం ఎలా

మా పర్లాకిమిడిలో చాలామంది పిల్లలకి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. అది మర్చిపోయి, అమెరికా కామిక్స్ ఆర్టిస్టు విల్ ఐస్‌నర్ కథని బుక్‌లెట్‌గా గీసి బుడగల నిండా తెలుగు కుక్కేశాను. మా అక్క కొడుకు అటూ ఇటూ తిప్పి "మావయ్యా, ఇందులో ఏటుంది?" అన్నాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ అక్షరాలు రావు.

అందుకే ముందు బొమ్మ గీయండి, మాట సంగతి తర్వాత. 1951 నుంచి ఇరవయ్యేళ్లు అమెరికా సైన్యం పత్రికలో ఐస్‌నర్ చేసిందీ ఇదే, బండి బాగోగులు ఎలా చూసుకోవాలో సైనికులకి బొమ్మల్లో చెప్పాడు.

కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి విప్పితే ఎనిమిది గడులు వస్తాయి. పొడవాటి మధ్య మడత మీద నడిమి రెండు గడుల మేర కత్తిరించండి. ఇప్పుడు అదే మడత మీద మడిచి రెండు చివర్లూ లోపలికి నెడితే పుస్తకం అయిపోతుంది, పిన్ను కూడా అక్కర్లేదు. పేజీ నంబర్లు మాత్రం మడిచాకే వెయ్యండి, విప్పితే సగం గడులు తలకిందులుగా ఉంటాయి మరి!

మొదటిది అట్ట. తర్వాత 1917, బ్రూక్లిన్‌లో పుట్టుక, నాటకాల తెరలకి రంగులేసిన నాన్న. ఆ తర్వాత వీధిలో పేపర్లమ్మే కుర్రాడు, 1936లో జెర్రీ ఐగర్‌తో కలిసి పెట్టిన కామిక్స్ స్టూడియో, 1940లో మొదలెట్టిన డిటెక్టివ్ కామిక్ 'ది స్పిరిట్', సైన్యం రోజులు. 'స్పిరిట్' పేజీకి అక్షరాలనే మేడల్లా నిలబెట్టండి, ఆయన అలాగే చేసేవాడు.

ఏడో పేజీకి తొందరపడొద్దు. కూతురు ఆలిస్ లుకేమియాతో పోయింది, ఆ దుఃఖంలోంచే 1978లో, 61 ఏళ్ల వయసులో, 'ఎ కాంట్రాక్ట్ విత్ గాడ్' అనే బొమ్మల కథల పుస్తకం వచ్చింది. కూతుర్ని పాతిపెట్టి జోరువానలో ఇంటికి నడిచొచ్చే తండ్రితో మొదలవుతుంది. ఇక్కడ ఒక్క మాటా వద్దు. వాన గీతలు స్కేలు పెట్టి గీయకండి, కొన్ని సన్నగా, కొన్ని లావుగా, ఏటవాలుగా పడాలి. టోపీ అంచు నుంచి నీళ్లు కారాలి, భుజాలు వంగాలి. కన్నీళ్లు గీయకండి, ఆ పని వాన చేస్తుంది.

చివరి పేజీకి ముసలి ఐస్‌నర్, ఆయన పోయిన ఏడు 2005 చాలు.

అయ్యాక అక్షరాలు రాని పిల్లాడి చేతికిచ్చి కథ చెప్పమనండి, ఆగినచోట మళ్లీ గీయండి. మావాడు వాన పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు గానీ, స్టూడియో చూసి "టైలర్ షాపు" అన్నాడు. బల్ల మీద సిరాబుడ్డి, కుంచె గీశాక ఒప్పుకున్నాడు.