80 దాటినవాళ్ళు లేవలేకపోతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

మొన్నటిదాకా తిరిగిన అవ్వ రెండు మూడు రోజుల్లోనే లేవలేకపోతే దాన్ని వయసు మీదికి తోసేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, కొత్తగా మొదలెట్టిన నిద్రమాత్ర, ఏదైనా కావచ్చు. ఆరోజే డాక్టరుకు చూపించాలి. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చినవాళ్ళయితే ఇలా చూసుకోండి.

మంచం మీంచి లేవలేరు

కుర్చీలోంచి లేవగలిగితే తప్పు మంచానిదే. సాగిన నవారులో నడుము మోకాళ్ళకన్నా కిందికి దిగిపోతుంది. నవారు బిగించండి. కూర్చుంటే పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, తుంటి మోకాలికన్నా కాస్త ఎత్తులో ఉండాలి. ఎత్తు పెంచడానికి ఇటుకలు పెట్టొద్దు, కోడు జారుతుంది. గుంత తీసిన చెక్కదిమ్మెలు పెట్టండి.

కుర్చీలోంచీ లేవలేకపోతే తొడల్లో కండ తగ్గింది. చేతులు గుండెకు కట్టుకుని 5 సార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఎక్కువ. దీనికి మందు కూడా ఆ లేవడమే. కుర్చీ గోడకు ఆనించి, అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాక్కుని, బాగా ముందుకు వంగి లేవాలి. దిగేటప్పుడు ధబీమని కూలబడకుండా మూడు లెక్కపెడుతూ కూర్చోవాలి. పొద్దున 5, సాయంత్రం 5తో మొదలుపెట్టండి, పక్కన ఒకరుండాలి. జాలిపడి మీరే చంకల కింద చేతులేసి లేపుతుంటే ఉన్న కాస్త బలమూ పోతుంది.

కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 50–60 గ్రాములు. మూడు పూటలా మజ్జిగన్నం, ఊరగాయతో అది రాదు. గుడ్డులో సుమారు 6 గ్రాములుంటుంది. చేపల పులుసు ఒక్కటే కలిపి పెడితే లాభం లేదు, ముల్లు తీసి ముక్క తినిపించాలి. కిడ్నీ జబ్బుంటే ముందు డాక్టరునడగండి.

లేవగానే కళ్ళు తిరుగుతాయి

5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, నిలబెట్టాక 1, 3 నిమిషాలకు మళ్ళీ చూడండి. పై అంకె 20 తగ్గితే కారణం దొరికినట్టే. బీపీ మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు, రోహిణి కార్తె ఎండకు ఒళ్ళు ఎండిపోవడం, ఇవే ఎక్కువ. అంకెలు రాసి డాక్టరుకు చూపించండి, మాత్ర మీరే ఆపొద్దు. మంచం అంచున కూర్చుని పాదాలు పైకీ కిందికీ ఆడించాకే నిలబడాలి.

మెడ తిరగదు, నడుము వంగదు

నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుండే కనిగిరి వైపు ఏళ్ళ తరబడి బోరునీళ్ళు తాగినవాళ్ళయితే దాన్నే అనుమానించండి. ఎక్స్‌రేలో ఎముకల మార్పు తెలుస్తుంది. నీళ్ళు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆర్వో నీళ్ళే తాగాలి. బిగుసుకున్నది వెనక్కి రాదు కాబట్టి వస్తువులను ఛాతీ ఎత్తుకు తెచ్చిపెట్టండి.

బాత్‌రూంలో జారుతున్నారు

పాలిష్ పట్టిన చీమకుర్తి గ్రానైట్ చూడ్డానికి బాగుంటుంది, తడిస్తే అద్దమే. రబ్బరు మ్యాట్ వేయండి. టవల్ రాడ్డు మనిషి బరువు ఆపదు, గోడకు బోల్టులతో బిగించే స్టీలు హ్యాండిల్ పెట్టించండి.

చేతికర్ర ఉన్నా తూలుతున్నారు

కర్ర నొప్పి కాలి వైపు పట్టుకుంటారు. దాన్ని రెండోవైపు చేతికి మార్చండి. చెయ్యి వేలాడదీస్తే కర్ర పిడి మణికట్టు ముడతకు రావాలి. అడుగున రబ్బరు బుష్ గీతలు అరిగిపోతే కొత్తది వేయించండి.