ఈ-పుస్తకం మీరే తయారు చేసుకోండి - 4వ పాఠం: తెర కొలత, రంగు

గత పాఠంలో రాతప్రతిని శీర్షికలుగా, పేరాలుగా విడదీశాం. ఇక దాన్ని పీడీఎఫ్ చేయాలా, ఈపబ్ చేయాలా తేల్చుకోవాలి; ఈ రెండూ ఈ-పుస్తకాలకు వాడే ఫైల్ రకాలు. అది తేలాలంటే చదివేవారి చేతిలో ఎంత తెర ఉందో ముందు తెలియాలి.

ఏ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు. 6 అంగుళాల ఈ-రీడర్ తెర వెడల్పు 9 సెంటీమీటర్ల పైచిలుకు. పీడీఎఫ్‌లో పేజీ కొలత మారదు కనుక ఆ తెరలో పట్టడానికి పేజీ మొత్తం కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం సుమారు 5 పాయింట్లకు దిగుతుంది. తెలుగుకు ఇది మరీ ఇబ్బంది. ‘కథ’ అని రాస్తే థ లోపలి చుక్క కలిసిపోతుంది, వత్తులు అలికినట్టు కనిపిస్తాయి. పెద్దది చేసి చూద్దామంటే ప్రతి పంక్తికీ పేజీని అటూ ఇటూ జరపాలి. అలా ఎవరూ పది పేజీలు చదవరు!

ఈపబ్‌లో వాక్యాలు తెరను బట్టి తమంతట తామే సర్దుకుంటాయి. కథ, వ్యాసం, నవల అయితే ఆలోచించకుండా ఈపబ్ ఎంచుకోండి. కవితకు మాత్రం కాస్త శ్రద్ధ కావాలి: పొడవైన పాదం విరిగితే, మిగిలిన ముక్క కొంచెం లోపలికి జరిగి మొదలయ్యేలా అమర్చండి. లేకపోతే పాఠకుడు దాన్ని కొత్త పాదమనుకుంటాడు. పటాలు, బొమ్మల కథలు వేరు. వాటిలో ఏది ఎక్కడుందన్నదే ముఖ్యం. వాటికి పీడీఎఫ్, లేదా 2011లో వచ్చిన ఈపబ్ 3లోని స్థిర అమరిక (తెర మారినా పేజీ కూర్పు మారని పద్ధతి) సరిపోతుంది.

ఇక రంగు. ఈ-రీడర్లలో ఉండే, కాగితంలా కనిపించే నలుపు-తెలుపు ఈ-ఇంక్ తెరలు సాధారణంగా చూపేది 16 బూడిద ఛాయలే. కాబట్టి గ్రాఫులో ముదురు ఎరుపు గీత, ముదురు ఆకుపచ్చ గీత ఒకేలా కనిపించవచ్చు. నీలం దాదాపు నలుపైపోతుంది, ఎందుకంటే మన కంటికి తోచే వెలుగులో దాని వాటా అతి తక్కువ. గీతల్లో ఒకదాన్ని చుక్కలుగా మార్చి, పేర్లు పక్కనే రాయండి. రంగుల ఈ-ఇంక్ ఉందిగా అంటారేమో. కెలైడో 3 అనే రంగుల ఈ-ఇంక్ తెరలో నలుపు అక్షరాలకు అంగుళానికి 300 పిక్సెళ్లుంటే, రంగుకు 150 మాత్రమే. చిన్న అక్షరాలకు రంగు వేయకండి.

అక్షరాల రంగు నలుపని ఫైల్‌లో రాసిపెట్టవద్దు. రాత్రి మోడ్‌లో నేపథ్యం నల్లబడితే కొన్ని యాప్‌లలో వాక్యాలే కనిపించవు.

అభ్యాసం: మీ పుస్తకంలోని ఒక బొమ్మను ఫోనులో నలుపు-తెలుపుగా మార్చి, కింద వ్యాఖ్య చదవకుండా అర్థమవుతుందేమో చూడండి. అర్థం కాకపోతే బొమ్మను సరిచేశాకే 5వ పాఠానికి రండి; అందులో ఫాంటును ఫైల్‌లో పొదగడం నేర్చుకుందాం.